జేన్ ఎయిర్: మనింటి పిల్లా, పరాయి పిల్లా?

'నాకు నచ్చిన ఇంగ్లీషు నవల' గురించి ఈ సంచికకు నాలుగు పేజీలు రాసివ్వమని విద్యార్థి సంఘం వారు అడిగారు. నచ్చిన నవల గురించి రాయడం పెళ్ళి పందిట్లో పంచరత్నాలు చదివినట్టే. ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవరూ వినరు. అందుకని నచ్చీ నచ్చని నవల ఒకదాన్ని పట్టుకున్నాను. షార్లట్ బ్రాంటీ రాసిన 'జేన్ ఎయిర్' అది. దానికీ నాకూ దాదాపు యాభై ఏళ్ళుగా పేచీ నడుస్తోంది. విడాకుల దాకా మాత్రం పోలేదు.

ఈ పుస్తకం 1847 అక్టోబరులో లండనులో మూడు సంపుటాలుగా వచ్చింది. రచయిత్రి తన పేరు దాచుకుని కరర్ బెల్ అని ఆడో మగో తేలని పేరు పెట్టుకుంది. అచ్చువేసినవారు స్మిత్ ఎల్డర్ కంపెనీ. వారికి పుస్తకాల వ్యాపారం ఒక పక్క, ఇండియాలో ఉన్న దొరలకు కావలసిన సామాన్లు ఓడలకెక్కించే వ్యాపారం ఇంకో పక్క. ఈ నవలకూ మన దేశానికీ సంబంధం అట్టమీది కంపెనీ పేరుతోనే మొదలైందన్నమాట.

చదవని వారికోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. అయితే మన వరసల్లో చెబుతాను. ఇంగ్లీషులో అందరూ 'ఆంట్'లూ 'కజిన్'లూ కావడం వల్ల అసలు సంగతి మరుగున పడిపోతుంది. జేన్ తల్లీ తండ్రీ లేని పిల్ల. మేనమామ తెచ్చి పెంచుకున్నాడు. ఆయన పోతూ పోతూ ఈ పిల్లను సొంత బిడ్డలా చూసుకొమ్మని భార్య దగ్గర మాట తీసుకున్నాడు. అత్త ఆ మాట నిలబెట్టుకోలేదు. మేనమామ కొడుకు, అంటే వరసకు బావ, పుస్తకం విసిరి జేన్ తల పగలగొడతాడు. పిల్ల ఎదురు తిరిగితే, పిల్లనే తీసుకుపోయి మేనమామ ప్రాణం విడిచిన ఎర్రగదిలో పెట్టి తాళం వేస్తారు. తర్వాత అనాథ పిల్లల బడి, అర్ధాకలి, విషజ్వరాలు. అక్కడే చదివి, అక్కడే పంతులమ్మ అయి, ఆనక రోచెస్టర్ అనే జమీందారు ఇంట్లో ఒక చిన్నపిల్లకు చదువు చెప్పే కొలువులో చేరుతుంది. ఆయన ఈమెను ఇష్టపడతాడు, ఈమె ఆయన్ను ఇష్టపడుతుంది. సరిగ్గా పెళ్ళి వేళకు, మన భాషలో చెప్పాలంటే తాళి చేతికి తీసుకునే వేళకు, ఒక ప్లీడరు లేచి ఈ పెళ్ళి చెల్లదంటాడు. పెళ్ళికొడుక్కి ముందే పెళ్ళాం ఉంది. మతి చెడి, అదే ఇంట్లో మూడో అంతస్తులో, తాళం వెనక ఉంది.

జేన్ తెల్లవారకముందే ఆ ఇల్లు విడిచి పోతుంది. తిండి లేక ఒక గడప ముందర పడిపోతే లోపలికి తీసుకున్నవాళ్ళు చివరికి మేనత్త పిల్లలని తేలుతుంది. మేనత్త కొడుకు సెయింట్ జాన్ పాదిరి. తనను పెళ్ళాడి ఇండియాకు రమ్మంటాడు. పోదు. మళ్ళీ రోచెస్టర్‌ను వెతుక్కుంటూ పోతుంది. ఆ పాటికి ఆ పెళ్ళాం ఇల్లు తగలబెట్టి మిద్దెమీది నుంచి దూకి చచ్చిపోయింది. ఆయనకు చూపు పోయింది, ఒక చెయ్యి పోయింది. అప్పుడు పెళ్ళవుతుంది.

చూశారా, ఇంగ్లీషు టోపీ తీసి పక్కన పెడితే ఇది జమ్మలమడుగు వీధుల్లో చెప్పుకునే కథే. మేనమామ పోయిన ఇంట్లో అత్త చేతికింద మేనకోడలు, ఇద్దరు బావలు, ఒక పెద్దింటి మగాడు, ఒక సవతి. 'కజిన్' అన్న ఒక్క మాటను తెలుగులోకి తెచ్చేసరికి నవల వాసనే మారిపోతుంది. మన పులివెందుల తాలూకా పైడిపాళెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 'అనువాద సమస్యలు' అని పుస్తకమే రాశారు. దానికి 1988లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆ పుస్తకం తిరగేసినవారికి ఈ 'కజిన్' తిప్పలు వేరే చెప్పనక్కరలేదు.

నేను దీన్ని మొదట చదివింది ప్రొద్దుటూరులో, 1976 ప్రాంతాల్లో. నాన్‌డీటెయిల్డ్ పాఠ్యపుస్తకంగా వచ్చిన సంక్షిప్త ప్రతి, పక్కన బజారు గైడు. అప్పటికే మా ఆడపిల్లలం అద్దె పుస్తకాల అంగడికి మొత్తం రాబడి మేమే అన్నట్టుగా ఉండేవాళ్ళం. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' సినిమాగా వచ్చింది కూడా ఆ ఏడే, అక్కినేని, వాణిశ్రీలతో. జయంతి, రాజశేఖరం మాకు ఇంట్లో మనుషుల కిందే లెక్క. పేదింటి పిల్ల, పౌరుషం, కొలువు, మాట తక్కువ కోపం ఎక్కువ ఉన్న పెద్దింటి మగాడు. కాబట్టి జేన్‌ను చూడగానే కొత్త మనిషి అనిపించలేదు. జయంతికి ముత్తవ్వ అనిపించింది. ఆ మాట క్లాసులో అంటే లెక్చరర్‌గారు నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడైతే దాని మీద పీహెచ్‌డీ ఇస్తారు.

ముందు నచ్చిన సంగతి చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ప్రొద్దుటూరు పసిడి అంగళ్ళ ఊరు. పెళ్ళిమాటల్లో తులాల లెక్క తేలకుండా తాంబూలాలు మారవు. అట్లాంటి ఊర్లో కూర్చుని, పెళ్ళికొడుకు పట్టు అంగడికి తీసుకుపోయి ఊదారంగు పట్టు, గులాబీ రంగు శాటిన్ తీసుకొమ్మంటే వద్దని, నల్ల శాటినూ బూడిదరంగు పట్టూ చాలనే పెళ్ళికూతురు గురించి చదవడం! మా బెంచీలో ఉన్నవాళ్ళం ఆ పేజీని నమ్మలేదు. ఒకామె "పిచ్చిదిమే, ఆ పిల్లకు పిచ్చి" అంది. జేన్ చెప్పే కారణం మాత్రం నాకు అప్పుడే తగిలింది. నగలు పెట్టి, పట్టు కట్టి కూర్చోబెడితే తాను తానుగా ఉండదట. పెళ్ళయినా పిల్లకు చదువు చెప్పి ఏడాదికి ముప్ఫై పౌన్ల జీతం తాను తీసుకుంటూనే ఉంటానంటుంది. తన బట్టలు తన జీతంతో కొనుక్కుంటుందట. రాయలసీమలో ఆడపిల్ల జీతం ఎవరి చేతికి పోతుందో తెలిసినవారికి ఆ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది. నేను మొదటి జీతం తీసుకున్నది పులివెందులలో. ఆ రోజు నాకు గుర్తొచ్చింది అమ్మా కాదు, దేవుడూ కాదు, ఆ ముప్ఫై పౌన్లు.

27వ అధ్యాయంలో ఆమె ఇల్లు విడిచే ఘట్టాన్ని ఇప్పటికీ నేను కూర్చుని చదవలేను, లేచి తిరుగుతూ చదువుతాను. ప్రేమ లేక కాదు పోయేది. రోచెస్టర్ ఏడుస్తాడు, బతిమాలుతాడు, బెదిరిస్తాడు, నీకెవరున్నారు, నువ్వు నాతో ఉంటే ఎవరికి నష్టం అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకు లొంగిపోయిన ఆడవాళ్ళు ఎన్ని నవలల్లో లేరు! తనకెవరూ లేరు కాబట్టే తన్ను తానే చూసుకోవాలి అన్నది జేన్ లెక్క. ఇరవై షిల్లింగులు సంచిలో వేసుకుని బయటపడుతుంది. చలం 'మైదానం'లో రాజేశ్వరి ఇల్లు దాటి ప్రేమ దగ్గరికి పోయింది, ఈమె ప్రేమను దాటి బయటికి పోయింది. గడప దాటడానికి ఇద్దరికీ కావలసిన గుండె ఒకటేనని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు ఒప్పుకోవద్దు.

ఇంతవరకు మనింటి పిల్లే. పేచీ ఇక్కణ్ణుంచి.

పులివెందులలో పాఠం చెబుతుండగా ఒక పిల్ల లేచి, "మేడం, పైన తాళమేసి పెట్టినామె పేరేంది?" అని అడిగింది. బర్తా అన్నాను. "అది కాదు మేడం, పెండ్లికి ముందర ఆయమ్మను ఏమని పిలుస్తాన్న్యారు, ఆయమ్మ ఊరేది, ఎంత కట్నం తెచ్చింది?" క్లాసు నవ్వింది. నవ్వవలసిన ప్రశ్న కాదది. జవాబు నవలలోనే ఉంది. బర్తా ఆంటోనెట్టా మేసన్, ఊరు జమైకా దీవిలోని స్పానిష్ టౌన్. కట్నం ముప్ఫై వేల పౌన్లు. రోచెస్టర్ తండ్రి ఆస్తంతా పెద్దకొడుక్కి పెట్టి, చిన్నవాడికి ఆస్తి బదులు ఈ కట్నాన్ని చూపించి ఓడెక్కించాడు. జేన్ జీతం ఏడాదికి ముప్ఫై. బర్తా కట్నం ముప్ఫై వేలు. అంటే ఒకామె వెయ్యేళ్ళు పని చేస్తే వచ్చేంత డబ్బు ఇంకొకామె తెచ్చి ఇచ్చి, పైగదిలో పడి ఉంది. బోర్డు మీద ఈ లెక్క వేసినప్పుడు నవ్విన క్లాసు చప్పున ఆగిపోయింది. నల్లవాళ్ళను బానిసలుగా పెట్టి చెరకు పండించిన దీవి అది. బ్రిటిషువారు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది 1833లో. ఆ డబ్బులో ఎవరి చెమట ఉందో నవల అడగదు.

రోచెస్టర్‌కు న్యాయంగా చెప్పవలసింది ఒకటుంది. ఆయన నిజంగానే బోనులో చిక్కాడు. 1857 వరకు ఇంగ్లండులో విడాకులు కావాలంటే పార్లమెంటు చేత ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. మతి చెడడం విడాకులకు కారణంగా పనికొచ్చింది 1937 చట్టంతోనే. పిచ్చాసుపత్రిలో పడేయకుండా ఇంట్లో పెట్టి, చూసుకోవడానికి మనిషిని పెట్టాడు అనేవారూ ఉన్నారు. మా క్లాసులో ఒక జమ్మలమడుగు పిల్లోడు, "సార్ల మాదిరి అన్నం పెట్టినాడు కదా మేడం, ఇంకేం జేయల్ల?" అన్నాడు. అన్నం పెట్టాడు. నిజమే. కానీ ఆ అన్నం పెట్టినవాడు ఆమెను వర్ణించే మాటలు చూడండి. మృగమంటాడు, పిశాచమంటాడు, వచ్చినవాళ్ళకు తలుపు తీసి సంతలో పశువును చూపించినట్టు చూపిస్తాడు. జేన్ ఒకసారి, ఒక్కసారే, అడ్డం వస్తుంది. ఆమె మతి చెడడం ఆమె తప్పు కాదు కదా, ఇంత ద్వేషం ఎందుకు అంటుంది. ఆ మాట అన్నందుకు నేను జేన్‌కు రుణపడి ఉంటాను. అని, అక్కడితో ఊరుకున్నందుకు ఆమెతో నా తగవు.

ఈ తగవు నాకు పుస్తకాల్లోంచి రాలేదు. జమ్మలమడుగు పక్క మా పల్లెలో మా జేజికి ఒక తోడికోడలు ఉండేది. పదెకరాల మెట్ట పసుపుకుంకాల కింద తెచ్చుకున్న మనిషి. రెండు కాన్పులు పోయాక మతి నిలవలేదు. గాలి సోకిందన్నారు, గుళ్ళూ దర్గాలూ తిప్పారు, చివరకు పశువుల కొట్టం పక్కనున్న గదిలో పెట్టారు. ఆయన రెండో పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఉండగా ఇంకో పెళ్ళి కూడదని మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1949లో, ఈ పెళ్ళి అంతకుముందే అయిపోయింది. ఆమె పుట్టింటివాళ్ళు ఏడాదికోసారి వచ్చి, చూసి, కళ్ళు తుడుచుకుని పోయేవాళ్ళు. నవలలో బర్తా అన్న రిచర్డ్ మేసన్ చేసిందీ సరిగ్గా అదే.

రెండో ఆమెను మేము చిన్నజేజి అనేవాళ్ళం. శుక్రవారం శుక్రవారం ఆ గదిలోకి పోయి సీకాయతో ఆ మనిషికి తల రుద్ది, చిక్కు తీసి, జడ వేసి వచ్చేది. సంగటి ముద్ద తానే పట్టుకుపోయేది. ఒకటి రెండుసార్లు చెయ్యి కరిచిందట, మచ్చ ఉండేది. నేను ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళ పిల్లను. నీకు భయం కాదా అని అడిగితే, "భయమేందిమే? ఆయమ్మ ముందొచ్చింది గాబట్టి ఆడుండాది. నేను ముందొచ్చింటే ఆడ నేనుంటాంటి" అంది. చిన్నజేజి వేలిముద్ర మనిషి. జీన్ రిస్ పేరు ఆమె విననేలేదు. డొమినికా దీవిలో పుట్టిన జీన్ రిస్ 1966లో 'వైడ్ సర్గాసో సీ' అనే నవల రాసి, పైగదిలో ఉన్నామెకు మాట ఇచ్చింది. ఆంటోనెట్ అన్న పేరు తీసేసి బర్తా అని పిలవడం మొగుడే మొదలుపెట్టాడని అందులో కథ. ఎం.ఏ.కి తిరుపతి పోయాక ఆ పుస్తకం చేతికొచ్చింది. చదువుతున్నంతసేపూ నాకు కొట్టం పక్క గదే కనిపించింది. జేన్ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో ఒక్కసారైనా దువ్వెన పట్టుకుని మెట్లెక్కి ఉంటే! కథ చెడిపోయేది, నిజమే. చెడిపోతే చెడిపోనీ.

షార్లట్ బ్రాంటీకి ఈ సంగతి తట్టకపోలేదు. 1848 జనవరిలో, తన పుస్తకం వేసిన కంపెనీలో పనిచేసే విలియమ్స్‌కు రాసిన ఉత్తరంలో, బర్తా విషయంలో జాలి కలగవలసిన చోట భీతి ఎక్కువైపోయిందని తానే ఒప్పుకుంది. పుస్తకం వచ్చి మూడు నెలలైనా కాలేదు. అంత తొందరగా అంత నిజం చెప్పుకున్న రచయితలు అరుదు. సినిమావాళ్ళకు ఆ భీతి ఒక్కటే కావలసి వచ్చింది. దిలీప్ కుమార్, మధుబాల నటించిన 'సంగ్‌దిల్' 1952లో వచ్చింది. తమిళంలో మన కాంచన వేసిన 'శాంతి నిలయం' 1969లో వచ్చింది. దీనికి ఛాయాగ్రహణానికి జాతీయ బహుమతి తెచ్చుకున్న మార్కస్ బార్ట్లీ మన 'మాయాబజార్' తీసినాయనే. వెలుగునీడలు అద్భుతం. ఏ నీడ ఎవరిమీద పడుతోందన్నది వేరే సంగతి.

ఇక రెండో బావ. సెయింట్ జాన్ విషయంలో నా కోపం ఇంకా పాతది కావలసింది, కానీ ఆలస్యంగా మొదలైంది. కారణం ఏమిటంటే ప్రొద్దుటూరులో మేము చదివిన సంక్షిప్త ప్రతిలో ఆయన్ని దాదాపుగా కోసేశారు! ఆకలితో పడిపోయిన జేన్‌ను లోపలికి తీసుకున్న పాదిరిగా రెండు పేజీల్లో వచ్చి పోతాడంతే. ఇండియా లేదు, హిందూస్థానీ పాఠాలు లేవు, కలకత్తా లేదు. ఇండియాలో పిల్లలకోసం కుదించిన పుస్తకంలో ఇండియానే తీసేశారంటే, కుదించినవారి తెలివిని మెచ్చుకోవాలి. అసలు ప్రతిలో చివరి పేజీ జేన్‌దీ కాదు, రోచెస్టర్‌దీ కాదు. ఇండియాలో చావుకు దగ్గరపడిన సెయింట్ జాన్‌ది. మన దేశం మీద ముగిసే నవలను, ఆ సంగతి తెలియకుండా మన ఊర్లో పరీక్ష రాశాం, ఫస్టు క్లాసులు తెచ్చుకున్నాం.

ఇంతకీ ఈ సెయింట్ జాన్ గాలిలోంచి పుట్టలేదు. హెన్రీ మార్టిన్ అనే పాదిరి ఈ పాత్రకు మూలమని చాలామంది విమర్శకులు చెబుతారు. షార్లట్ తండ్రి పాట్రిక్ బ్రాంటీ కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో పేద విద్యార్థిగా ఉన్నప్పుడు, అదే కాలేజీవాడైన మార్టిన్ ఆయన ఖర్చులకు సాయం చేయించాడు. ఆ మార్టిన్ 1806లో కలకత్తా చేరాడు. ప్రేమించిన లిడియా గ్రెన్‌ఫెల్ వెంట రాలేదు, ఉత్తరాలు రాసి రమ్మన్నా రాలేదు. బైబిలు కొత్త నిబంధనను హిందూస్థానీలోకీ పారసీలోకీ తెచ్చి, 1812లో ముప్ఫై ఒక్కేళ్ళకే టర్కీలో చనిపోయాడు. కలకత్తా చేరిన కొత్తలో ఆయన బస చేసింది శ్రీరాంపురం దగ్గర గంగ ఒడ్డున డేవిడ్ బ్రౌన్ అనే పాదిరి ఇంటి ఆవరణలో. ఆ డేవిడ్ బ్రౌన్ పిల్లల్లో ఒకడికి అప్పుడు ఏడేళ్ళు. వాడి పేరు ఛార్లెస్ ఫిలిప్.

అవును, మన సి. పి. బ్రౌనే. 1820లో కడపకు వచ్చి, బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు రాయించిన బ్రౌన్. 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించిన బ్రౌన్. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఉన్న గ్రంథాలయానికి మీలో చాలామంది పోయే ఉంటారు. సెయింట్ జాన్‌కు మూలమైన మనిషిని బ్రౌన్ చిన్నప్పుడు తన ఇంటి ఆవరణలోనే చూసి ఉంటాడు. ఈ ముడి పడినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. ఇద్దరూ ఒకే రకం ఇళ్ళనుంచి వచ్చినవారే. నవలలోని సెయింట్ జాన్ ఇండియాలో ఎవరున్నారో అడగడు. అతనికి అదొక చీకటి, తానొక దీపం. పోయి కాలిపోవడానికి అనువైన చోటు. బ్రౌన్ కూడా దొరే, కంపెనీ జీతగాడే, పన్నుల లెక్కలు చూసినవాడే. అయినా వచ్చినచోట మనుషులు ఏం చెప్పుకుంటున్నారని అడిగాడు. వేమన ఎవరని అడిగాడు. నవలలో ఆ ప్రశ్న లేదు. అందులో మన ప్రస్తావన ఎప్పుడొచ్చినా తిట్టుకు పోలికగానే వస్తుంది. జేన్ చెడ్డపిల్ల అని చెప్పడానికి బడి పెద్ద, బ్రహ్మకూ జగన్నాథుడికీ మొక్కే పిల్లలకంటే ఈమె అధ్వానం అంటాడు. జేన్ తన స్వతంత్రం చెప్పుకోవడానికి సతీసహగమనాన్ని వాడుకుంటుంది. మన బాధ ఆమెకు ఉపమానం.

ఆ 1847లో ఇక్కడేం జరుగుతోందో చూడండి. ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. కోయిలకుంట్ల అప్పటికి కడప జిల్లాలోదే. తల తీసుకుపోయి కోటకు వేలాడదీసి ఏళ్ళ తరబడి ఉంచారు. ఎనిమిది నెలలకు లండనులో ఈ నవల వచ్చింది. షార్లట్‌కు కోయిలకుంట్ల తెలియాలని నేనెందుకు అంటాను? తెలియదు, తెలిసే దారీ లేదు. కానీ సెయింట్ జాన్ బలైపోవడానికి వచ్చే దేశంలో, ఆయన జాతివాళ్ళ చేతిలో బలైపోయినవాళ్ళు ఉన్నారన్నది మనం చదివేటప్పుడు మరిచిపోలేం.

జమ్మలమడుగువాళ్ళకు మాత్రం పాదిరి మాట వేరే రకంగా వినిపిస్తుంది. మా ఊర్లో లండన్ మిషన్‌వారు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళను లెక్క పెట్టడంకంటే పుట్టనివాళ్ళను లెక్క పెట్టడం తేలిక. మా అమ్మ నన్ను కన్నది అక్కడే. కాబట్టి వచ్చినవాళ్ళందరూ ఒకటేనని నేననను. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండలో చిన్నప్పటి పుట్టపర్తి నారాయణాచార్యులవారికి ఇంగ్లీషు సాహిత్యం రుచి చూపించింది పిట్ అనే దొరసాని. ఆయన తర్వాత మన ప్రొద్దుటూరుకు వచ్చి 'శివతాండవం' రాశారు.

ఇక్కడే జేన్‌ను మళ్ళీ మెచ్చుకోవలసి వస్తుంది. బావ పెళ్ళాడి రమ్మంటే ఆమె ఒక బేరం పెడుతుంది. ఇండియాకు వస్తాను, పనిచేస్తాను, అవసరమైతే చస్తాను. పెళ్ళాంగా మాత్రం కాదు, చెల్లెలుగా వస్తాను అంటుంది. మన లెక్కన మేనత్త కొడుక్కి చెల్లెలు కావడమేమిటని నవ్వొస్తుంది, కానీ ఆమె అడిగేది వరస కాదు, పని. నా మీద ప్రేమ లేనివాడివి, నీకు కావలసింది కూలిమనిషి, ఆ కూలి చేస్తాను, పక్కలోకి రాను అని. ఆయన కుదరదంటాడు. పెళ్ళి కాని ఆడది మిషన్ పనికి రావడం లోకం ఒప్పుకోదట. ముప్ఫై ఆరేళ్ళు తిరిగేసరికి, 1883లో, అమెరికా నుంచి అన్నా కుగ్లర్ అనే డాక్టరు గుంటూరుకు వచ్చింది. పెళ్ళి లేదు, పక్కన పాదిరి మొగుడు లేడు. ఆసుపత్రి కట్టించింది. అంటే జేన్ అడిగింది అసాధ్యమేం కాదు. సెయింట్ జాన్ కుదరదన్నాడు, అంతే. ఆ మాట పట్టుకుని ఆమె ఒక్కతే ఓడెక్కి ఉంటే ఏ గుంటూరుకో కడపకో వచ్చి ఉండేదేమో. రాకపోవడమే మంచిదైందా అంటే, ఒకరోజు అవునంటాను, ఒకరోజు కాదంటాను.

ముగింపు నాకు ఎప్పుడూ గొంతు దిగలేదు. మెడీరాలో వ్యాపారం చేసిన పినతండ్రి ఇరవై వేల పౌన్లు వదిలి పోతాడు. అందులో ఐదు వేలు తను ఉంచుకుని మిగతా పదిహేను వేలు మేనత్త పిల్లలు ముగ్గురికీ పంచుతుంది. బంగారం లాంటి పని. రోచెస్టర్ దగ్గరికి తన డబ్బుతో, తన కాళ్ళమీద నిలబడి పోతుంది. అది కూడా బాగుంది. కానీ ఆ దారి తెరుచుకున్నది బర్తా మిద్దెమీంచి దూకడం వల్ల. ఆమె సమాధి ఎక్కడుందో నవల చెప్పదు. ముప్ఫై వేలు తెచ్చిన మనిషికి ఒక రాయి లేదు. మా చిన్నజేజి, పెద్దామె పోయిన రోజు, మా పొలంలోనే గుంత తీయించి పైన కడప బండ ఒకటి పరిపించింది. పేరు చెక్కించే స్తోమత లేదు.

పేరేందని అడిగిన ఆ పులివెందుల పిల్ల ఇప్పుడు తానే ఇంగ్లీషు లెక్చరర్. 'జేన్ ఎయిర్' చెప్పడం అయ్యాక పిల్లల చేత ఒక ఉత్తరం రాయిస్తుందట. పైగదిలో ఉన్నామె తన అన్నకు రాసే ఉత్తరం. ఇంగ్లీషులోనైనా సరే, తెలుగులోనైనా సరే. పోయినసారి వచ్చినప్పుడు కట్ట తెచ్చి నాకు చదవడానికిచ్చింది. ఎక్కువమంది మన కడప మాటలోనే రాశారు. కొందరు కట్నం లెక్క తిరిగి అడిగారు, ఒకడు వడ్డీతో సహా. ఒక పిల్ల మటుకు, కింద ఇంటికి కొత్తగా పంతులమ్మ వచ్చిందనీ, నెమ్మదస్తురాలిలా ఉందనీ, వీలైతే ఆమెతో ఒకసారి మాట్లాడిపించమనీ రాసింది. ఆ ఉత్తరాలు ఈ సంచికలో వేయండని సంపాదకులను అడిగాను. పేజీలు చాలవన్నారు.